మురుగులో ఈదే ప్లాస్టిక్ చక్రాలు

అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఎస్‌టీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంటు) మూత తీస్తే లక్షల ప్లాస్టిక్ ముక్కలు తిరుగుతూ కనిపించాయనీ, అవి చెత్తేనా అనీ ఒక పాఠకుడు అడిగారు. చెత్త కాదు, ఆ ప్లాంటుకు ప్రాణం అవే! 1980ల చివర్లో నార్వేలో రూపుదిద్దుకున్న ఈ పద్ధతిని ఎంబీబీఆర్ (మూవింగ్ బెడ్ బయోఫిల్మ్ రియాక్టర్) అంటారు.

ఆ ముక్కల్లో ఒకటైన కే1 రకం చక్రాన్ని అరచేతిలో పెట్టుకుని చూడండి. అడ్డం 9 మిల్లీమీటర్లు, పొడవు 7. లోపల ప్లస్ గుర్తులా అడ్డగోడలు, బయట చిన్న రెక్కలు. నీటికంటే కాస్త తేలిక కాబట్టి అడుగు నుంచి గాలి బుడగలు తగిలితే చాలు, ట్యాంకంతా తిరుగుతుంది. చక్రాలు ఒకదానికొకటి రాసుకుని బయటి పాచి ఊడిపోతుంది, అడ్డగోడల చాటున ఉన్నది నిలుస్తుంది. మురుగును తినే బ్యాక్టీరియా కాపురం అక్కడే. ఒక ఘనమీటరు చక్రాల్లో ఆ చాటు ఉపరితలం 500 చదరపు మీటర్లు!

లెక్క వేద్దాం. 440 మంది, మనిషికి 135 లీటర్లు: రోజుకు సుమారు 60 ఘనమీటర్ల మురుగు. లీటరుకు 250 మిల్లీగ్రాముల బీఓడీ (మురుగును తినడానికి బ్యాక్టీరియాకు కావలసిన ఆక్సిజన్) ఉంటే మొత్తం 15 కిలోలు. చదరపు మీటరు పాచికి రోజుకు 5 గ్రాముల చొప్పున 3,000 చదరపు మీటర్లు కావాలి, అంటే 6 ఘనమీటర్ల చక్రాలు. సగం నింపితే 12 ఘనమీటర్ల ట్యాంకు చాలు. ఇరవై అడుగుల కంటైనర్‌లో పట్టేస్తుంది. అమ్మోనియా కూడా పోవాలంటే రెండో ట్యాంకు తప్పదు. అదే బ్యాక్టీరియాను నీళ్లలో వదిలేసే ఎక్స్‌టెండెడ్ ఏరేషన్‌లో మురుగు 18 నుంచి 24 గంటలు నిలవాలి కాబట్టి 45 నుంచి 60 ఘనమీటర్లు కావాలి. లోడు పెరిగితే ఇంకొన్ని చక్రాలు పోయవచ్చు, కానీ ట్యాంకులో మూడింట రెండు వంతులు దాటితే అవి సరిగా తిరగవు.

పాచి మందంగా పడితే మంచిదనుకుంటారు. ఆక్సిజన్ చొచ్చుకుపోయేది మిల్లీమీటరులో పదోవంతు వరకే. దూరం రెట్టింపైతే ఆక్సిజన్ అంత లోపలికి చేరడానికి పట్టే కాలం నాలుగింతలు. లోపలి పొర ఊపిరాడక కుళ్లి, చక్రాన్ని వదిలేస్తుంది. లేత గోధుమ రంగు పాచి ఆరోగ్యం. నల్లగా, కంపు కొడితే గాలి చాలడం లేదు.

కొత్త ప్లాంటులో ఆవుపేడ, బెల్లం కలిపే అలవాటు చాలాచోట్ల ఉంది. పేడలోని బ్యాక్టీరియాలో ఎక్కువ భాగం గాలి లేని పొట్టలో బతికేవి. మనకు కావలసినవి గాలి పీల్చేవి. పైగా పేడలోని పీచు, చక్రాలు బయటికి పోకుండా ఆపే అవుట్‌లెట్ జాలికి అడ్డం పడుతుంది. నడుస్తున్న ప్లాంటు నుంచి బురద తెచ్చి పోస్తే మేలు. కొత్త ప్లాస్టిక్ నీటికి అంటుకోక పైన తేలుతుంది, కాబట్టి చక్రాలను విడతలుగా వేయాలి. పాచి పట్టడానికి మూడు నాలుగు వారాలు ఓపిక పట్టాలి.

కరెంటు పోయి గంటల తర్వాత వస్తే వెంటనే ఫీడ్ పంపు (మురుగును ట్యాంకులోకి తోడేది) వేయడం అసలు తప్పు. తేలిన చక్రాలు అవుట్‌లెట్ జాలికి అడ్డంపడి ట్యాంకు పొర్లుతుంది. ముందు గాలి ఊదే బ్లోయర్ వేయాలి. చక్రాలు ట్యాంకంతా తిరుగుతున్నాయని కళ్లతో చూసి, జాలి తుడిచి, అప్పుడు పంపు.