నుదుటి మీద గీసిన ముక్కు

కావస్జీ ఆంగ్లేయుల సైన్యంలో ఎడ్లు తోలేవాడు. 1792 నాటి మైసూరు యుద్ధంలో టిప్పు సైన్యానికి దొరికాడు. అతని ముక్కు, ఒక చెయ్యి నరికేశారు. ఏడాది తర్వాత పుణె దగ్గర ఇటుకలు చేసే కులానికి చెందిన ఒకాయన అతనికి కొత్త ముక్కు చేశాడు. ముందు మైనంతో ముక్కు అచ్చు చేసి, దాన్ని చదును చేసి నుదుటి మీద పరిచాడు. చుట్టూ గీత గీసి ఆ మేరకు చర్మం లేపాడు. పూర్తిగా మాత్రం కోయలేదు. కళ్ల మధ్య సన్నటి పట్టీ ఉంచి, చర్మాన్ని మెలితిప్పి కిందికి దించాడు. ఆ పట్టీని కోసింది సుమారు 25 రోజులయ్యాకే. 1794 అక్టోబరులో లండన్ ‘జెంటిల్‌మన్స్ మ్యాగజైన్’ ఈ సంగతి బొమ్మతో సహా అచ్చేసింది. 1814లో జోసెఫ్ కార్ప్యూ అనే సర్జన్ అదే పద్ధతిని లండన్‌లో చేసి చూపించాడు.

ఆ పట్టీ ఎందుకంటే, రక్తం వచ్చే దారి అదే. కొత్త చోట నాళాలు అల్లుకునేదాకా అది తెగకూడదు. ఈనాటికీ ముక్కు ఆపరేషన్లలో దాన్ని మూడు వారాలు ఉంచుతారు.

ప్రమాదంలో తల చర్మం ఊడితే ఇంకా కష్టం. దాని అడుగున గట్టి పొర ఉంటుంది, బుగ్గలా సాగదు. గాయం పెద్దదైతే తొడ నుంచి పల్చటి చర్మం తీసి అతికించవచ్చు. కాకపోతే పుర్రెను కప్పిన సన్నటి పొర మిగిలి ఉండాలి. ఒట్టి ఎముక మీద వేస్తే ఆ చర్మం రక్తం అందక నల్లబడి పోతుంది. అలాంటప్పుడు తొడ చర్మాన్నో, వీపు కండరాన్నో నాళాలతో సహా తెచ్చి, చెవి ముందు వేలికి కొట్టుకుంటూ తగిలే ధమనికి కలుపుతారు. రెండు మిల్లీమీటర్ల రక్తనాళాన్ని మైక్రోస్కోప్ కింద, వెంట్రుక కన్నా సన్నటి దారంతో కుట్టాలి. అసలు టెన్షన్ ఆ తర్వాతే. నర్సు గంటగంటకూ వచ్చి అతికించిన చర్మం రంగు చూస్తుంది. పాలిపోతే ధమని మూసుకుందేమో, నీలంగా మారితే సిర మూసుకుందేమో అని అనుమానం. వెంటనే మళ్లీ థియేటర్‌కే.

ఇంత చేసినా అక్కడ జుట్టు రాదు. అందుకే గాయం మానాక, మిగిలిన తల చర్మం కింద సిలికాన్ బుడగ పెట్టి, వారం వారం సెలైన్ ఎక్కించి, కొన్ని నెలల్లో జుట్టున్న ఆ చర్మాన్నే పెంచి అక్కడ కప్పుతారు.

ఊడిన చర్మం దొరికితే దాన్ని మించింది లేదు. 1994లో పంజాబ్‌లో ఒక పాప ముఖం, తల చర్మం నూర్పిడి మిషన్‌లో పడి ఊడిపోతే, ఇంట్లోవాళ్లు దాన్ని ప్లాస్టిక్ సంచిలో పట్టుకొచ్చారు. లూధియానాలో డాక్టర్ అబ్రహం థామస్ దాన్ని తిరిగి అతికించారు. మన పొలాల్లోనూ జడలు, చున్నీలు మిషన్లలో చిక్కుతూనే ఉన్నాయి. ఊడిన చర్మాన్ని శుభ్రమైన తడిగుడ్డలో చుట్టి, సంచిలో వేసి మూతి కట్టి, ఆ సంచిని ఐసు నీళ్లలో ఉంచి తీసుకెళ్లండి. ఐసు మాత్రం చర్మానికి నేరుగా తగలనివ్వొద్దు.