ఇంట్లోనే మూత్రధార పరీక్ష: ఫోను చెప్పగలిగేదెంత?

హైదరాబాదులో ఏ పెద్దాసుపత్రి యూరాలజీ విభాగానికి వెళ్లినా, వరండాలో నీళ్ల సీసా పట్టుకుని కూర్చున్న నడివయసు మగవారు కొందరైనా కనిపిస్తారు. మూత్రాశయం నిండి ఒత్తిడి వస్తే తప్ప వారికి చేయవలసిన పరీక్ష చేయడానికి వీలుండదు. "ఫుల్‌గా అనిపిస్తోందా అంకుల్?" అని టెక్నీషియన్ మధ్యమధ్యలో వచ్చి అడిగి పోతుంటారు. తీరా లోపలికి వెళ్లాక, తలుపవతల తరువాతి మనిషి వేచి ఉన్నాడన్న స్పృహతో, గరాటు అమర్చిన యంత్రం ముందు నిలబడి పని ముగించాలి. కొందరికి బిడియం వల్ల ధారే రాదు. మరికొందరు పిలుపు వచ్చేదాకా బిగపట్టి ఉండడం వల్ల మూత్రాశయం మితిమీరి సాగి, ధార మామూలుకంటే సన్నగా వస్తుంది. అలా వచ్చిన ఒక్క కొలత మీద ఆధారపడి మందులు, ఆపరేషన్లు నిర్ణయించడం సరికాదని యూరాలజిస్టులే అంటారు. ఇంట్లో, అలవాటైన చోట, పలుమార్లు కొలవగలిగితే మేలు కదా అన్న ఆలోచన అక్కడి నుంచే పుట్టింది.

ఈ పరీక్ష పేరు యూరోఫ్లోమెట్రీ. మూత్రం బరువు క్షణక్షణానికీ ఎలా పెరుగుతోందో గీతగా గీసే పరికరాన్ని విల్లార్డ్ డ్రేక్ అనే వైద్యుడు 1948లో వర్ణించాడు. నేటి ఆసుపత్రి యంత్రాల్లో చాలావాటిది కూడా అదే సూత్రం: పాత్ర కింద బరువును పసిగట్టే సెన్సర్ ఉంటుంది, ఒక మిల్లీలీటరు మూత్రం దాదాపు ఒక గ్రాము తూగుతుంది కాబట్టి, సెకనుకు ఎన్ని గ్రాములు పెరిగిందో తెలిస్తే ధార వేగం తెలిసినట్లే. గరిష్ఠ వేగం సెకనుకు 15 మిల్లీలీటర్లు దాటితే సాధారణంగా అడ్డంకి లేదని భావిస్తారు, 10కి లోపు ఉంటే అనుమానిస్తారు, ఆ రెంటి నడుమ ఉన్నదాన్ని ఇదమిత్థంగా తేల్చలేరు. అయితే ఈ అంకెలకు విలువ ఉండాలంటే ఒక్క విడతలో కనీసం 150 మిల్లీలీటర్లయినా రావాలి. అరగంటకోసారి వెళ్లి కొద్దికొద్దిగా పోసి వచ్చేవారికి ధార ఎలాగూ నెమ్మదిగానే ఉంటుంది, దాన్నిబట్టి ఏమీ తేల్చరాదు. అంకెతోపాటు గీత ఆకారమూ ముఖ్యమే. ఆరోగ్యవంతుడి గీత నున్నగా పైకి లేచి దిగుతుంది, మూత్రనాళం ఒకచోట ఇరుకైతే బల్లపరుపుగా సాగుతుంది, కడుపు బిగబట్టి ముక్కేవారికి ఎగుడుదిగుడుగా వస్తుంది.

ఫోనుతో కొలిచే పద్ధతుల్లో ఎక్కువగా వినబడేది శబ్దం ఆధారంగా పనిచేసేది. ధార కొంత దూరం పోయాక చుక్కలుగా విడిపోతుంది, ఆ చుక్కలు కమోడ్‌లోని నీటిని తాకినప్పుడు గాలి బుడగలు లోపల చిక్కుకుంటాయి, ఆ బుడగల కంపనమే మనకు వినిపించే శబ్దంలో పెద్ద భాగం. ఒక మిల్లీమీటరు వ్యాసార్ధం ఉన్న బుడగ నీటిలో సెకనుకు మూడు వేల సార్లకు పైగా కంపిస్తుందని మిన్నార్ట్ అనే శాస్త్రవేత్త 1933లోనే లెక్కగట్టాడు. ధార పెరిగేకొద్దీ చుక్కలు, బుడగలు పెరిగి శబ్దం హెచ్చుతుంది. కానీ ఇంత శబ్దానికి ఇంత వేగం అని చెప్పే సూత్రమేదీ లేదు. ఆసుపత్రి యంత్రంతో కొలుస్తూ, అదే సమయంలో రికార్డు చేసిన శబ్దాలను చూపి సాఫ్ట్‌వేర్‌కు నేర్పిస్తారు, అది కొత్త శబ్దం విని అంచనా కడుతుంది. అందువల్ల ధార ఎప్పుడు మొదలైంది, ఎంతసేపు సాగింది, ఎన్నిసార్లు ఆగింది అన్న విషయాల్లో శబ్దాన్ని బాగానే నమ్మవచ్చునని, వేగపు అంకె విషయంలో మాత్రం జాగ్రత్త అవసరమని నా అభిప్రాయం.

మన ఇళ్లలో ఆ జాగ్రత్త మరింత అవసరం. విస్తారంగా నీరు నిలిచే కమోడ్ ముందు నిలబడిన మనిషి శబ్దంతో నేర్చిన సాఫ్ట్‌వేర్, నీరు కొద్దిగానే నిలిచే ఇక్కడి కమోడ్‌ల విషయంలో, గొంతుకు కూర్చునే ఇండియన్ టాయిలెట్ విషయంలో అంతే సరిగ్గా చెబుతుందనుకోలేం. పక్కన బకెట్‌లోకి కుళాయి పారుతున్నా, ఎగ్జాస్ట్ ఫ్యాన్ తిరుగుతున్నా, అపార్టుమెంటు బోరు మోటరు నడుస్తున్నా మైకు అన్నింటినీ కలిపే వింటుంది. ధార పింగాణీ గోడకు తగిలితే బుడగలే పుట్టవు.

శబ్దంకంటే బరువును నమ్మడం మేలు. వంటింటి డిజిటల్ త్రాసు ఒకటి దీనికోసమే వేరుగా పెట్టుకుని, దాని మీద లీటరు పట్టే ప్లాస్టిక్ మగ్గు ఉంచి సున్నా చేసి, త్రాసు అంకెలు మాత్రమే కనిపించేలా ఫోనును నిలబెట్టి వీడియో తీయాలి. తరువాత వీడియోను ఆపి ఆపి చూస్తూ సెకనుకొక అంకె రాసుకోవాలి. ఆరో సెకనులో 62 గ్రాములు, ఏడో సెకనులో 76 గ్రాములు కనబడితే ఆ క్షణాన వేగం 14 మిల్లీలీటర్లు. పైనుంచి పడే ధార తాకిడి త్రాసు మీద మూడు నుంచి ఐదు గ్రాముల బరువులా కనబడుతుంది, అది మొదట్లో కొంత తప్పు చూపినా ధార నిలకడగా ఉన్నంతసేపు తేడా పెట్టదు. ధార అటూఇటూ ఊగితే మాత్రం లేని శిఖరాలు కనబడతాయి, అందుకే ఒక్క సెకను అంకెను కాక రెండు సెకన్ల సగటును చూడాలి. కొన్ని త్రాసులు అంకెను ఆలస్యంగా మారుస్తాయి కాబట్టి, ముందుగా మగ్గులోకి నెమ్మదిగా నీళ్లు పోసి చూసుకోవడం మంచిది.

త్రాసు లేనివారు కొలత గీతలున్న జగ్గు, ఫోనులోని స్టాప్‌వాచ్ వాడవచ్చు. ఇక్కడ చాలామంది అనవసరంగా భయపడే అవకాశం ఉంది. 300 మిల్లీలీటర్లు 30 సెకన్లలో వస్తే సగటు వేగం 10, గరిష్ఠ వేగం సాధారణంగా అంతకు రెట్టింపుకు అటూఇటూగా ఉంటుంది. పైన చెప్పిన 15, 10 హద్దులు గరిష్ఠ వేగానికి సంబంధించినవి, సగటును వాటితో పోల్చి బెంగపెట్టుకోకూడదు.

అన్నీ సరిగ్గా కొలిచినా, ఫోను చెప్పేది ధార నెమ్మదించిందని మాత్రమే. ఎందుకు నెమ్మదించిందో అది చెప్పలేదు. యువకుల్లో ఇరవై గ్రాముల వరకు ఉండే ప్రోస్టేట్ గ్రంథి వయసుతో పెరిగి మూత్రనాళాన్ని నొక్కవచ్చు. లేదా దారి బాగానే ఉన్నా, దీర్ఘకాలపు మధుమేహం వల్ల నరాలు దెబ్బతిని, మూత్రాశయ కండరమే సత్తువ కోల్పోయి ఉండవచ్చు. గీతలో ఈ రెండూ దాదాపు ఒకేలా కనిపిస్తాయి. మన నగరంలో ఇంటింటా షుగరు రోగులున్న ఈ రోజుల్లో ఇది చిన్న విషయం కాదు, ఎందుకంటే కండరం బలహీనమైన మనిషికి ప్రోస్టేట్ ఆపరేషన్ చేస్తే ఆశించిన మేలు దక్కకపోవచ్చు. సన్నని గొట్టం ద్వారా మూత్రాశయంలోని ఒత్తిడిని, ధారను ఒకేసారి కొలిచే ఆసుపత్రి పరీక్ష ఒక్కటే ఆ తేడా చెప్పగలదు. మూత్రం పోసిన తరువాత లోపల ఎంత మిగిలిందో స్కానింగ్‌లో చూడాలి. ధార బాగుందని నిశ్చింతగా ఉండడానికీ లేదు: ప్రోస్టేట్ క్యాన్సర్ ఎక్కువగా గ్రంథి వెలుపలి భాగంలో మొదలవుతుంది కాబట్టి తొలిదశలో ధారకు అడ్డు రాకపోవచ్చు.

ప్రోస్టేట్ పెరుగుదలకు మందు వేసుకునేవారికి ఇంటి కొలతలు నిజంగా అక్కరకొస్తాయి. టామ్సులోసిన్ వంటి మందు కొద్ది రోజుల్లోనే ధారను కొంత మెరుగుపరుస్తుంది, ఫినాస్టరైడ్‌కు నెలలు పడుతుంది. మందుకు ముందు, తరువాత, ఒకే మగ్గుతో, ఒకే భంగిమలో తీసిన కొలతలను తేదీ, సమయం, పరిమాణంతో సహా రాసి తీసుకువెళితే డాక్టరుకు ఆ మార్పు స్పష్టంగా తెలుస్తుంది. ఆసుపత్రిలో అడిగే ఏడు ప్రశ్నల లక్షణాల పట్టికను, అంటే మొత్తం 35 మార్కుల ఐపీఎస్ఎస్‌ను, దానికి జత చేస్తే ఇంకా మంచిది. యాప్ వాడదలచినవారు అది బాత్రూము శబ్దాన్ని ఫోనులోనే ఉంచుకుంటుందా, ఎక్కడికైనా పంపుతుందా అన్నది ముందు చూసుకోవాలి. రోగ నిర్ధారణ కోసం చేసిన సాఫ్ట్‌వేర్ కూడా 2020 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో వైద్య పరికరాల నిర్వచనం కిందికి వస్తుంది కాబట్టి, దానికి అనుమతి ఉందా అని అడిగే హక్కు మనకుంది.

మూత్రంలో రక్తం కనబడినా, మంటతోపాటు చలిజ్వరం వచ్చినా కొలతలతో కాలయాపన చేయకుండా వైద్యుణ్ణి కలవాలి. ప్రోస్టేట్ పెరిగినవారు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న జలుబు మాత్ర వేసుకున్నాక మూత్రం పూర్తిగా బిగుసుకుపోవడం కద్దు, ఆ మాత్రల్లోని కొన్ని మందులు మూత్రాశయ ద్వారాన్ని బిగిస్తాయి, కొన్ని కండరాన్ని నెమ్మదింపజేస్తాయి. పొత్తికడుపు ఉబ్బి, నొప్పితో ఒక్క చుక్కా రానప్పుడు, అర్ధరాత్రయినా సరే, ఆ మాత్ర అట్టను వెంట తీసుకుని దగ్గరలోని ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లాలి.