ప్యారీస్ అత్తో వెనక రంగూన్ రేవు

చెన్నై ప్యారీస్ ప్రాంతంలో బర్మా బజార్ వెనక, సెకండ్ లైన్ బీచ్ రోడ్డులో సాయంత్రం పూట అత్తో అనే బర్మా నూడుల్స్ అమ్మే బండ్ల చుట్టూ జనం మూగుతారు. నారింజ రంగు నూడుల్స్‌లో క్యాబేజీ తురుము, పచ్చి ఉల్లిపాయ, చింతపండు పులుసు, కారం, వేయించిన వెల్లుల్లి వేసి, చెక్కల్లా కరకరలాడే బేజోను పైన చిదిమి, చేత్తోనే కలిపి ఇస్తారు. గుడ్డును చీల్చి వేయించిన ఉల్లిపాయలు కూరి పెడతారు. బర్మా తమిళులు తెచ్చిన తిండి అంటారు దీన్ని. నిజమే. కానీ ఆ బర్మా కథలో తెలుగువాళ్లు కూడా ఉన్నారు, ఆ సంగతి చెప్పేవాళ్లే తక్కువ.

బ్రిటిష్ హయాంలో బర్మా బియ్యం ఎగుమతులు పెరిగాక, రంగూన్ రేవులో మూటలు మోయడానికి, రైస్ మిల్లుల్లో పనికి కూలీలు కావాల్సి వచ్చారు. కాకినాడ, విశాఖ రేవుల్లో ఓడలెక్కి వేలమంది వెళ్లారు. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్‌లో సగానికి పైగా భారతీయులే. అంతకు ముందటి ఏడాది మే నెలలో రేవు పని దగ్గర మొదలైన అల్లర్లలో దెబ్బతిన్నది ముఖ్యంగా తెలుగు కూలీలు. 1941 డిసెంబరులో జపాన్ బాంబులు పడ్డాక లక్షలమంది ఇంటిదారి పట్టారు. చాలామంది అడవులు, కొండలు దాటి నడిచొచ్చారు, దారిలోనే పోయినవాళ్లకు లెక్క లేదు.

మిగిలినవాళ్లను 1962 సైనిక పాలన కదిలించింది. 1964లో దుకాణాలు, వ్యాపారాలు జాతీయం చేసేశారు. ఓడల్లో మద్రాసు చేరినవాళ్లలో చాలామంది వ్యాసార్పాడి వంటి చోట్ల స్థిరపడ్డారు. విశాఖలో అలాంటివాళ్లు దిగిన చోటును ఇప్పటికీ బర్మా క్యాంపు అనే అంటారు. చెన్నైలో వాళ్ల బతుకుతెరువు కోసం 1969లో బర్మా బజార్ ఏర్పడింది.

ఇక వంట సంగతి. బర్మాలో మొహింగా అంటే చేపల పులుసులో బియ్యపు నూడుల్స్, అందులో అరటి దూట ముక్కలు. చెన్నై బండ్ల మీద చాలాచోట్ల చేప పోయింది, దూట మిగిలింది. చేప తినని గిరాకీ కూడా రావాలి కదా, అదే కారణమని నేననుకుంటాను. వలస వెళ్లినవాళ్ల తిండి మారడం గురించే ఎక్కువగా వింటాం. ఇక్కడ తిరిగొచ్చినవాళ్లు, ఊరు దాటని మనవాళ్లకు కొత్త రుచి అలవాటు చేశారు. ఉత్తర చెన్నై తెలుగు కుటుంబాల్లో బర్మా వెళ్లొచ్చిన పెద్దలు ఇంకా ఉంటే, అక్కడేం వండుకునేవారో ఇప్పుడే అడిగి రాసిపెట్టుకోవాలి. 1964లో పదేళ్ల పిల్లలుగా ఓడ దిగినవాళ్లకే ఇప్పుడు డెబ్బై దాటాయి.