ఎండిన దొన ఖాళీ కాదు

మామిడి జల్లులు పడ్డాక బెంగళూరు చుట్టుపక్కల బండల మీద దొనలు, అంటే రాతిలో ఏర్పడిన గుంటలు, నిండుతాయి. తురహళ్లి, సావనదుర్గ వైపు నడకకి వెళ్లే మన తెలుగువాళ్లు చూసే ఉంటారు. చాలావాటికి మోకాలి లోతు కూడా ఉండదు. వానలు ఆగితే ఎండిపోతాయి కాబట్టి వాటిని ఎవరూ లెక్కచేయరు. నా దృష్టిలో ఆ ఎండడమే వాటి బలం.

లాల్‌బాగ్ బండ వయసు దాదాపు 300 కోట్ల ఏళ్లు. అంత గట్టి రాయినీ నీరు తినేస్తుంది. చిన్న పల్లంలో నిలిచిన వాన నీరు కార్బన్ డయాక్సైడ్ కలిసి కాస్త ఆమ్లమవుతుంది. దానికి రాయిలోని ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం మెల్లగా బంకమట్టిగా మారుతుంది, క్వార్ట్జ్ అనే మరో ఖనిజం ఇసుకై విడిపోతుంది. గాలివానలకు అదంతా కొట్టుకుపోతే పల్లం లోతవుతుంది. లోతయ్యేకొద్దీ నీరు ఎక్కువ రోజులు నిలుస్తుంది, రాయి ఇంకా అరుగుతుంది.

అమెరికా ఈశాన్య అడవుల్లో ఇలాంటి గుంటలు చాలావరకు మంచుయుగపు హిమానీనదాలు వదిలివెళ్లినవి. వసంతంలో నిండి, ఎండాకాలం చివరికి ఎండుతాయి. పుట్టుక వేరైనా సంగతి ఒకటే: ఏటా ఎండే గుంటలో చేప నిలవదు. చేప లేదు కాబట్టే కప్పలు అక్కడికి వెతుక్కుంటూ వచ్చి గుడ్లు పెడతాయి.

దక్షిణాది గుంటల్లో దొరికే ఫెయిరీ ష్రింప్‌ని చూడండి. రొయ్యకి దూరపు చుట్టం. వేలి గోరంత ఉంటుంది, ఒళ్లంతా పారదర్శకం, ఈదేది వెల్లకిలా. 11 జతల కాళ్లు అలలా ఆడుతూనే ఉంటాయి; ఈతకీ, తిండి వడకట్టుకోవడానికీ అవే. ఆడదానికి తోక మొదట్లో గుడ్ల సంచి. నీరు ఎండితే తల్లి చచ్చిపోతుంది, గుడ్లు మాత్రం అడుగు మట్టిలో ఏళ్ల తరబడి బతికుంటాయి. మొదటి వానకే అన్నీ పిల్లలు కావు. రైతు విత్తనమంతా ఒకే వానకి చల్లనట్టు, కొన్ని ఆగుతాయి. ఆ వాన మొహం చాటేసి మొదటి జట్టు పోయినా, తర్వాతి వానకి వంశం నిలుస్తుంది.

అందుకే ఎండిన దొనని ఊడ్చి ‘శుభ్రం’ చేస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. ఆ మట్టితో గుడ్లన్నీ పోతాయి. దోమల భయంతో గాంబూసియా చేపలు వదిలినా ముప్పే. అవి దోమ లార్వాలతో ఆగవు, కప్ప పిల్లల్నీ వదలవు. డెంగీ తెచ్చే ఏడిస్ దోమ ఎక్కువగా పెరిగేది మన డ్రముల్లో, పూలకుండీల పళ్లేల్లో. దొనలో దోమ లార్వాల్ని తూనీగ పిల్లలే తింటాయి. కొండ మీద టిఫిన్ తిన్నాక దొనలో సబ్బుతో చేతులు కడగకండి, చాలు.