పియర్‌ని మెడ దగ్గర నొక్కండి

గుంతకల్లు నుంచి ఒక పాఠకురాలి ప్రశ్న: "బండి మీద ఆకుపచ్చ పియర్లు కొన్నాను. రాయిలా ఉంటే పసుపు రంగుకి తిరిగేదాకా ఆగుదామనుకున్నాను. రంగు మారలేదు. కోస్తే గింజల చుట్టూ గోధుమరంగు ముద్ద. బండివాడు మోసం చేశాడా?"

బండివాడిని ఏమీ అనకండి. పియర్ తీరే అంత.

మన చీనీకాయ చెట్టు మీద ఎంత తీపెక్కితే అంతే. కోశాక మాగదు. సీతాఫలాన్ని మాత్రం కాయగా కోసి మాగేస్తాం. పియర్ సీతాఫలం దారిదే, కానీ ఒక మెలిక ఉంది. యూరప్ రకాలను చెట్టు మీదే వదిలేస్తే లోపలి నుంచి మెత్తబడతాయి. పైకి తెలిసేసరికి గింజల దగ్గర చెడిపోయి ఉంటుంది. అందుకే గట్టిగా ఉండగానే కోస్తారు. కోశాక చాలా రకాలకు చలి కూడా కావాలి. సున్నా డిగ్రీల దగ్గర బార్ట్‌లెట్‌కి రెండు మూడు వారాలు, ఆంజూకి రెండు నెలల దాకా పడుతుంది.

చలికీ మాగడానికీ ఏం సంబంధం? ఇక్కడే నాకు ముచ్చటేస్తుంది. కాయలోని మిథియోనిన్ అనే అమైనో ఆమ్లం ఎస్-అడినోసిల్ మిథియోనిన్‌గా, అది ఏసీసీ అనే పదార్థంగా, చివరికి ఆక్సిజన్ తగిలి పండును మాగబెట్టే ఇథిలీన్ వాయువుగా మారుతుంది. ఏసీసీని తయారుచేసే ఎంజైమ్ దగ్గరే పని ఆగి ఉంటుంది. దాని జన్యువులను మేల్కొలిపేది చలి. ఆపైన వెచ్చటి గదిలోకి తెస్తే ఇథిలీన్ పుడుతుంది, పుట్టిన ఇథిలీన్ మరింత ఇథిలీన్‌ను పుట్టిస్తుంది. టపాసుల సరంలో ఒకటి పేలి పక్కదాన్ని అంటించినట్టే. అప్పుడు కణాలను అతికి ఉంచే పెక్టిన్‌ను ఎంజైములు కత్తిరిస్తాయి, పండు మెత్తబడుతుంది.

పళ్లు ఇథిలీన్‌ను విడుదల చేస్తాయని రిచర్డ్ గేన్ 1934లో ఆపిల్‌తో నిరూపించాడు. మనవాళ్లు అంతకు ముందునుంచే అరటిగెలలకు పొగ పెట్టేవాళ్లు. గెల బాగా మాగితే హస్తవాసి అనేవాళ్లు. నిజానికి పొగలో ఇథిలీన్ ఉంటుంది, గది మూసి ఉంటే అది బయటికి పోదు. బడిలో మాత్రం ఇథిలీన్ అంటే ద్విబంధం, బ్రోమిన్ నీళ్ల రంగు పోవడం, అంతే! పండు ఊసే ఉండదు.

ఇంట్లో చేయాల్సింది తక్కువే. పియర్‌ని ఒక అరటిపండుతో కలిపి కాగితం సంచిలో చుట్టండి. అరటిపండు వదిలే ఇథిలీన్ దీనికీ పనిచేస్తుంది. అనంతపురం ఎండల్లో మాత్రం ఇంట్లో చల్లటి మూల చూడండి, 30 డిగ్రీలు దాటితే పియర్ సరిగ్గా మాగదు. రోజూ తొడిమ దగ్గర మెడను బొటనవేలితో నొక్కి చూడండి. కాస్త లొంగితే తినేయండి. పొట్టభాగం మెత్తబడేదాకా ఆగితే లోపల ముద్దే. రంగును నమ్మొద్దు. బార్ట్‌లెట్ పసుపుకి తిరుగుతుంది, ఆంజూ మాగినా ఆకుపచ్చే. మీరు కొన్నది బహుశా అలాంటిదే.

పియర్ తింటుంటే పంటికింద ఇసుకలా తగిలేవి రాతికణాలు. కలపను గట్టిపరిచే లిగ్నినే వాటి గోడల్లోనూ ఉంటుంది.

గుండ్రటి ఆసియా రకాల సంగతి వేరు. జపాన్ నాషి చెట్టు మీదే పక్వానికొస్తుంది, కోశాక కూడా కరకరలాడుతూనే ఉంటుంది. దాని మెడ నొక్కి లాభం లేదు. ఫ్రిజ్‌లో పెట్టి, జామకాయలా ముక్కలు కోసి, ఉప్పూ కారం చల్లి, వేయించిన చెనక్కాయలతో తినండి. పాకంలో ఉడికించాలంటే యూరప్ రకాల్లో బాస్క్ మేలు, ముక్క చెదరదు.