వేటలో చచ్చిన పక్షుల పాత చిత్రాన్ని దయచేసి కడగకండి

పాత తైలవర్ణ చిత్రాలు బాగుచేయడం నా వృత్తి. వచ్చేవాళ్ళలో ఎంతోమంది ముందుగా అనే మాట: "తెచ్చేముందు కొంచెం తుడిచామండీ." అది వినగానే నా గుండె జారిపోతుంది.

అపోహ: చిత్రంలో, వేటాడి వేలాడదీసిన కౌజుపిట్టల వెనక అంత నలుపుందంటే అది మసే. బంగాళాదుంప ముక్కతోనో సబ్బునీళ్ళతోనో రుద్దితే అసలు రంగు బయటపడుతుంది.

వాస్తవం: ఆ నలుపులో చాలా భాగం కావాలని వేసిందే. 17వ శతాబ్దపు డచ్ చిత్రకారులు విల్లెం వాన్ ఆల్స్ట్, యాన్ వీనిక్స్ లాంటివాళ్ళు చీకటిని ముందు పరిచి, దాని మీద ఈకలను వెలిగించారు. పైన పూసిన వార్నిష్ కాలం గడిచేకొద్దీ పసుపెక్కే మాట నిజమే. అయితే ఈకల చివరి గీతలు, రెక్కల కింది గోధుమరంగు నీడలు మహా పల్చటి పొరలు. రుద్దితే ముందు పోయేవి అవే. సబ్బులోని క్షారం నూనె రంగును మెత్తబరుస్తుంది. పగుళ్ళలోంచి తడి దిగితే లోపలి జిగురు ఉబ్బి, కాన్వాస్ ముడుచుకుని, రంగు పొలుసులుగా లేస్తుంది. దుంపలోని పిండి ఆ పగుళ్ళలోనే ఉండిపోయి బూజుకు మేతవుతుంది.

ఒక పెద్దావిడ తాతగారి నాటి కౌజుపిట్టల చిత్రం తెచ్చారు. నకలే, కానీ గీసిన చెయ్యి మంచిది. ఎవరో చెప్పిన చిట్కా నమ్మి ఇంట్లో పిల్లలు దుంపతో రుద్దేశారు. నీడంతా పోయి పక్షి గోడకు అంటించిన కాగితంలా మిగిలింది. "మళ్ళీ వస్తుందా అమ్మా?" అని ఆవిడ అడిగితే రాదని చెప్పాల్సి వచ్చింది. పోయినచోట, కావాలంటే తర్వాత తీసేయగలిగే రంగు వేశాను. కానీ ఆ పాత చెయ్యి గీసిన గీత పోయిందంటే పోయినట్టే. ఇలాంటి చిట్కాలు పంచేవాళ్ళ మీద నాకు పట్టరాని కోపం.

మేము ముందు అతినీలలోహిత కాంతిలో చూస్తాం. పాత వార్నిష్ పచ్చగా మెరుస్తుంది, తర్వాత వేసిన రంగు అతుకులు నల్లగా కనిపిస్తాయి. ఆపైన ఓ అంచున, గోరంత చోట, దూదిపుల్లతో పరీక్ష. కొన్నిసార్లు ఉమ్ముతో శుభ్రం చేస్తామన్నదీ నిజమే, అందులోని ఎంజైములు మురికిని విడదీస్తాయి. అది విని ఇంట్లో మొదలుపెట్టకండి.

మిగతా అపోహలు క్లుప్తంగా. ఆకులు నీలంగా ఉన్నంత మాత్రాన నకిలీ కాదు, పచ్చరంగులో కలిపిన పసుపు వెలిసిపోతే నీలం మిగులుతుంది. సంతకం ఉన్నంత మాత్రాన అసలుదీ కాదు, దాన్ని ఎవరైనా తర్వాత చేర్చగలరు. ఈ వేట చిత్రాలు వేటాడేవాళ్ళ ఇళ్ళకే గీసినవీ కావు, వేట హక్కు లేని డచ్ వర్తకులు కూడా కొనుక్కున్నారు.

చచ్చిన పక్షి బొమ్మ ఇంట్లో ఉంటే అరిష్టమని ఎవరో అంటే నిద్రపట్టక ఫోన్ చేసేవాళ్ళున్నారు. కంగారు పడకండి. గీసినవాళ్ళకూ కొన్నవాళ్ళకూ అవి సంపదకు, విందుకు గుర్తులు. అయినా చూడలేకపోతే దించేయండి. ప్లాస్టిక్‌లో చుట్టకుండా, శుభ్రమైన నూలుగుడ్డ కప్పి, ఎండా చెమ్మా తగలని లోపలి గోడకు నిలబెట్టండి. అటక మీదికి మాత్రం ఎక్కించకండి, ఆ వేడికి రంగు పగులుతుంది.