గాలిలో, ప్రవాహంలో నారోబోట్ తిప్పడం: అపోహలు - వాస్తవాలు

ఇంగ్లండ్ కాలువల్లో తిరిగే నారోబోట్ వెడల్పు ఏడడుగుల లోపే ఉంటుంది, పొడవు మాత్రం 70 అడుగుల దాకా పోతుంది. కాలువ చాలాచోట్ల అంత వెడల్పుండదు. అందుకే అక్కడక్కడా గట్టును లోపలికి తవ్వి పడవ తిప్పుకునే గుంటలు పెట్టారు. విండింగ్ హోల్ అంటారు.

అపోహ: పడవను గుంట దగ్గర ఆపి, ఉన్నచోటే తిప్పాలి.

వాస్తవం: ముక్కు నిలబడాలి, తిరగాల్సింది వెనక భాగం. బాగా నెమ్మదిగా వెళ్ళి ముక్కును గుంట గట్టుకు ఆనించండి. గుంట కుడివైపుంటే టిల్లర్‌ను (వెనక చుక్కానిని తిప్పే కడ్డీ) పూర్తిగా ఎడమకు నెట్టి, ముందు గేరులోనే ఉంచండి. వెనక భాగం కాలువకు అడ్డంగా వచ్చి, అవతలికి తిరిగాక టిల్లర్ సరిచేసి రివర్స్‌లో బయటికి లాగండి. వెనక భాగం అవతలి గట్టును తాకకూడదు. అక్కడ లోతు తక్కువ, ప్రొపెల్లర్ రాళ్ళకు తగులుతుంది.

అపోహ: టిల్లర్ ఎప్పుడైనా పనిచేస్తుంది.

వాస్తవం: ప్రొపెల్లర్ నీళ్ళు చుక్కాని మీదికి కొడితేనే దానికి బలం. న్యూట్రల్‌లో, రివర్స్‌లో దాదాపు సున్నా.

అపోహ: గాలి ఉంటే ఇంజిన్ గట్టిగా ఇస్తే చాలు.

వాస్తవం: ముందు గాలి ఎటు వీస్తోందో చూడాలి. పడవ అడుగు భాగం చదును, పైగా ముక్కు నీటిలో పెద్దగా మునగదు. గాలి ముందు దాన్నే తోసేస్తుంది. గాలి వెనకనుంచి వస్తుంటే అదృష్టమే: ముక్కు ఆనగానే వెనక భాగాన్ని గాలే తిప్పిపెడుతుంది. ఎదురుగాలి అయితే వెనక భాగాన్ని గాలికి ఎదురు నెట్టాలి, విసురు తగ్గేదాకా ఆగండి. గాలి గుంటలోకే కొడుతుంటే లోపలికి వెళ్ళడం తేలిక, రావడమే కష్టం: ముక్కు గట్టుకు అతుక్కుపోతుంది. అప్పుడు గట్టును గెడతో నెట్టండి, కాలితో మాత్రం వద్దు. 15 టన్నుల పైమాట అది.

అపోహ: నదిలోనూ అదే పద్ధతి.

వాస్తవం: తిరుగుతున్నంతసేపూ పడవ కిందికి కొట్టుకుపోతూనే ఉంటుంది. ప్రవాహం గంటకు 3 కి.మీ. ఉండి, తిరగడానికి రెండు నిమిషాలు పడితే 100 మీటర్లు పోయినట్టే. కాబట్టి దిగువన వంతెన, ఆనకట్ట దగ్గర్లో ఉంటే తిప్పొద్దు. వంతెన స్తంభానికి పడవ అడ్డంగా పడిందంటే ఇంజిన్‌తో బయటపడటం కష్టం. దిగువకు వస్తూ తిప్పాలంటే ముక్కును ఒడ్డు పక్క నిదానపు నీటిలోకి తీయండి. నడిమి ప్రవాహం వెనక భాగాన్ని దిగువకు లాగి పడవను ఎగువకు తిప్పుతుంది. లంగరు తాడు కట్టి చేతికందేలా పెట్టుకోండి. థేమ్స్ లాకుల దగ్గర ప్రవాహం బలంగా ఉందని హెచ్చరించే ఎర్ర బోర్డు కనిపిస్తే ఆ పూట పడవ కట్టేయడమే.